అప్పు తెచ్చి చేసిన యుద్ధం: ఇరాక్ ఏం పోగొట్టుకుంది?

[తెరపై: షత్ అల్ అరబ్ నది మ్యాప్]

టైగ్రిస్, యూఫ్రటీస్ కలిశాక గల్ఫ్‌లోకి పోయే నది ఇది. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇదే ఇరాక్, ఇరాన్‌ల సరిహద్దు. హద్దు ఎక్కడన్న గొడవ 1975లో అల్జీర్స్‌లో మాటలతోనే తేలింది. పడవలు నడిచే లోతైన పాయ మధ్యలో గీత గీశారు. ఇరాక్ తరఫున సంతకం పెట్టింది సద్దాం హుస్సేనే.

1980 సెప్టెంబరులో అదే సద్దాం ఆ ఒప్పందం చెల్లదన్నాడు. 22న ఇరాన్ మీద దాడికి దిగాడు. తొందరగా ముగుస్తుందనుకున్న యుద్ధం ఎనిమిదేళ్లు సాగింది.

[తెరపై: 1980లో ఇరాక్ విదేశీ మారక నిల్వ, సుమారు 3,500 కోట్ల డాలర్లు. 1988 అప్పు, సుమారు 8,000 కోట్ల డాలర్లు]

అంతకుముందు ఇరాక్ పేద దేశమేమీ కాదు. చమురు డబ్బుతో బడులు, ఆసుపత్రులు కట్టుకుంది. 1978లో పెద్దవాళ్లకు చదువు నేర్పే ఉద్యమం దేశమంతా నడిపింది. యుద్ధం ఆ నిల్వనంతా మింగేసింది. సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ ఆయుధాలు అరువిచ్చాయి. సౌదీ, కువైట్ డబ్బిచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అప్పు తెచ్చి రిఫైనరీ కడితే, అది నడిచి ఆ అప్పు తీరుస్తుంది. ట్యాంకు పైసా సంపాదించదు. మరి బాకీ తీరేదెలా? చమురు ధర పెరగాలి. 1990లో అది పడిపోయింది. బ్యారెల్‌కు ఒక్క డాలరు తగ్గినా ఏడాదికి 100 కోట్ల డాలర్లు నష్టపోతున్నామని ఆ మే నెలలో బాగ్దాద్ అరబ్ సదస్సులో సద్దాం వాపోయాడు. బాకీ రద్దు చేయమంటే కువైట్ ఒప్పుకోలేదు. ఆగస్టు 2న ఆ కువైట్‌నే ఆక్రమించాడు. ఒక యుద్ధం అప్పే రెండో యుద్ధానికి దారితీసింది.

ఇంకా ఘోరం ఏంటంటే, రెండు వారాలు తిరక్కుండానే సద్దాం ఇరాన్‌కు లేఖ రాశాడు: 1975 ఒప్పందం మళ్లీ ఒప్పుకుంటున్నామని! లక్షల మంది చచ్చిపోయాక గీత మళ్లీ అక్కడే. ఇది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆ దెబ్బ మనకూ తగిలింది. కువైట్‌లో చిక్కుకున్న మనవాళ్లలో కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. చాలామంది జోర్డాన్ చేరుకుని, అమ్మాన్‌లో విమానం ఎక్కి వచ్చారు. చమురు ధర ఎగబాకడంతో అసలే అంతంతమాత్రంగా ఉన్న మన విదేశీ మారకం అడుగంటింది. 1991లో దేశం బంగారం కుదువ పెట్టాల్సి వచ్చింది.

అలాగని సైన్యమే వద్దా? అలా అనను. మీద పడ్డవాణ్ణి ఆపడానికి ఇరాన్‌కు, కువైట్‌కు సైన్యం కావాల్సిందే. అందుకోసం అప్పు చేసినా తప్పు పట్టను. కానీ మాటలతో తేలిపోయిన గొడవను తిరగదోడి, బడుల డబ్బూ బయటి అప్పూ తుపాకులకు తగలేయడాన్ని ఏ దేశభక్తి పేరుతోనూ సమర్థించలేను.

[తెరపై: 5,240 కోట్ల డాలర్లు]

కువైట్ ఆక్రమణ వల్ల నష్టపోయినవాళ్లకు ఇరాక్ కట్టిన పరిహారం ఇది. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు ప్రకారం చమురు ఆదాయంలోంచి కోత పడుతూ వచ్చింది. చివరి వాయిదా 2022 జనవరిలో తీరింది. అప్పటికి ఇరాక్ జనాభాలో సగానికి పైగా ఆ ఆక్రమణ తర్వాత పుట్టినవాళ్లే.