ఫోన్‌లో తెలుగు పుస్తకాలు: ఫ్రీ సరే, చదవగలమా?

నమస్తే అండీ. ఇదిగో, ఫోన్ కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. కన్యాశుల్కం, స్కాన్ చేసిన పీడీఎఫ్. పేజీ మొత్తం కనిపించేలా పెడితే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. సరే, రెండు వేళ్లతో పెద్దది చేస్తాను. అక్షరం బాగుంది, కానీ లైను సగంలో తెగింది. కుడికి జరపాలి, చదవాలి, మళ్ళీ ఎడమకి లాగాలి. పేజీ అయ్యేసరికి పాతిక సార్లు. గిరీశం ఏమన్నాడో ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు అదే నాటకం, తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటు నుంచి దింపుకున్న ఈపబ్ ఫైలు. సైజు పెంచుతున్నాను... చూశారా, లైన్లు వాటంతటవే సర్దుకున్నాయి. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో చదువుకోవచ్చు. ఖర్చు రెండిటికీ సున్నాయే. అందుకే నన్ను అడిగితే, ఏ యాప్ మంచిదన్నది తర్వాత. ఫైలు పీడీఎఫ్‌నా, ఈపబ్‌నా అన్నది ముందు చూడాలి.

వికీసోర్స్‌లో పుస్తకాన్ని స్కాన్ పక్కన పెట్టుకుని, పేజీ పేజీ టైపు చేసి దిద్దేది వాలంటీర్లు. జీతం లేని పని. తప్పులు ఉంటాయి, కాదనను. కనిపిస్తే మనమే దిద్దొచ్చు. అసలు లోటు ఏంటంటే, మనం వెతికే పుస్తకం చాలాసార్లు అక్కడ ఉండదు.

అప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌కి వెళ్లాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. దొరకడమే కష్టం. చాలావాటికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. 'శ'కి ఎస్ ఒక్కటే పెట్టారో, ఎస్ హెచ్ పెట్టారో, దీర్ఘానికి 'ఏ' అక్షరం రెండుసార్లు కొట్టారో ఎక్కించిన వాళ్లకే తెలియాలి. నాలుగు రకాలుగా కొట్టి చూడండి. రచయిత పేరుతో కూడా వెతకండి.

ఇంకో మాట. అక్కడ కొన్ని పాత పుస్తకాల పక్కన ఈపబ్ అని కూడా కనిపిస్తుంది. సంబరపడకండి. అది మెషిన్ స్కాన్ బొమ్మని చూసి అక్షరాలు పోల్చుకుని తయారుచేసింది. అరిగిపోయిన అచ్చులో 'ప'కీ 'వ'కీ తేడా మనకే తెలియదు, దానికేం తెలుస్తుంది? పీడీఎఫే దింపుకుని రీడ్‌ఎరా లాంటి యాప్‌లో తెరవండి. ఫోన్ అడ్డంగా తిప్పండి, చుట్టూ ఉన్న తెల్ల అంచులు కత్తిరించే సెట్టింగ్ పెట్టండి. ఇదిగో, ఇలా. లైను మొత్తం స్క్రీన్‌లో పట్టింది. పక్కకి లాగే పని లేదు, పైకి జరుపుకుంటే చాలు.

ఫ్రీ అంటే అన్నీ ఫ్రీ కాదండోయ్. గురజాడ పోయింది 1915లో, ఆయన నాటకం అందరిదీ. చలం పోయింది 1979లో. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. అంటే 2039 చివరి దాకా. గ్రూపుల్లో తిరిగే చలం పుస్తకాల పీడీఎఫ్‌లు నేను మీకు చూపించను.

ఇక కొనడం. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలున్నాయి. డబ్బు కట్టేముందు ఫ్రీ శాంపిల్ తెరిచి, అక్షరాల సైజు పెంచి చూడండి. అక్షరాలు పెరిగి లైన్లు సర్దుకుంటే కొనండి. పేజీ మొత్తం బొమ్మలా జూమ్ అయిందా, మళ్ళీ మొదటికే వచ్చాం. నేనైతే ఒక యాప్‌లో, పేరు చెప్పను, అరవై రూపాయలకి నవల కొన్నాను. సగం చదివాక ఫోన్ మార్చాను. కొత్త ఫోన్‌లో ఆ యాప్ తెరుచుకోలేదు. అరవై పోతే పోయింది, హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు!

పిల్లలుంటే స్టోరీవీవర్ అనే సైటు చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు, తెలుగు బొమ్మల కథలు పూర్తిగా ఉచితం. మా ఇంట్లో దీనికోసం ఫోన్ లాక్కుంటారు, ఈ వీడియో తీయడానికి కూడా బతిమాలి తెచ్చుకున్నాను.

లింకులన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఆ నవల పేరు కూడా అక్కడే రాశాను. చదివినవాళ్లుంటే చివర్లో ఏమైందో కామెంట్‌లో చెప్పండి.