లాంగ్ ట్రెక్‌కి స్క్వీజ్ ఫిల్టర్ ఒక్కటే చాలా? | రివ్యూ

నమస్తే అండీ. చేతిలో ఉన్నది సాయర్ స్క్వీజ్ ఫిల్టర్. మురికినీళ్లు పౌచ్‌లో (మెత్తటి సంచిలో) నింపి, దాని మూతికి దీన్ని బిగించి పిండితే మంచినీళ్లు వస్తాయి. ఊళ్లు తగలని దారిలో రోజుల తరబడి నడిచేవాళ్లు నీళ్లన్నీ మోసుకెళ్లలేరు. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఒక మోస్తరు నడకకే గంటకి అరలీటరు దాకా తాగాలి. అందుకే వాగులో పట్టుకుని, వడకట్టుకుని తాగడమే దారి. ఆ పనికి నేను ముందుగా చెప్పేది దీన్నే. బరువు సుమారు 85 గ్రాములు, అంతే.

లోపల బోలుగా ఉండే సన్నటి పోగులు గుత్తిగా ఉంటాయి. వాటి గోడల్లోని రంధ్రాలు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. కడుపు పాడుచేసే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవులు, బ్యాక్టీరియా ఇక్కడే ఆగిపోతాయి. వైరస్‌లు మాత్రం ఆగవు, అవి మరీ చిన్నవి. నీళ్లలో కరిగిన పురుగుమందులూ ఆగవు. కాబట్టి పొలాల దిగువన పారే నీళ్లు దీంతో పట్టకండి, పైకెళ్లి పట్టుకోండి. మనుషులు ఎక్కువగా మసిలే చోటైతే వడకట్టాక సూక్ష్మజీవుల్ని చంపే క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ల కూడా వేయండి, లేదా మరిగించండి. తెర్లుతూ ఒక నిమిషం చాలు, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు.

ఇప్పుడు ఇక్కడ చూడండి. పౌచ్ బిగించే చోట ఈ నల్ల వాషర్. వేలితో తాకి ఉందో లేదో చూసుకున్నాకే బిగించండి. ఇది ఊడినా, వంకరగా కూర్చున్నా మురికినీళ్లు పక్కనుంచి కారి, నేరుగా మంచినీళ్ల బాటిల్లో పడతాయి. విడిగా ఒక వాషర్ దగ్గరుంచుకోండి, బరువు లెక్కలోకే రాదు. మరలు 28 మిల్లీమీటర్లవి కాబట్టి మామూలు కూల్‌డ్రింక్ బాటిల్ కూడా పట్టేస్తుంది. ఇది చాలా పెద్ద సుఖం, ఎందుకంటే ఇలాంటి ఫిల్టర్లలో ముందు పోయేది పౌచే. ధార తగ్గిందని గట్టిగా పిండితే అతుకు దగ్గర చిట్లుతుంది.

ధార తగ్గిందంటే పోగులు మట్టితో మూసుకుపోయాయని అర్థం. పిండకండి, కడగండి. సిరంజిలో శుభ్రమైన నీళ్లు నింపి, నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి ఒక్క ఊపున వెనక్కి కొట్టాలి. మెల్లగా తోస్తే నీళ్లు తెరిచి ఉన్న పోగుల్లోంచే జారిపోతాయి, మూసుకున్నవి అలాగే ఉంటాయి. మట్టి రావడం ఆగేదాకా కొట్టండి. బురదనీళ్లైతే కాసేపు తేరనిచ్చి, పైతేట గుడ్డలో వడగట్టి పోసుకోండి. చాన్నాళ్లు ఎండిపోయి ఉన్న ఫిల్టర్‌ని బయల్దేరే ముందు రోజు అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఓసారి వెనక్కి కొట్టి, ధార ఇంట్లోనే చూసుకోండి.

అసలు భయం గడ్డకట్టడం. ఒక్కసారి తడిసిన ఫిల్టర్లో నీళ్లు ఎప్పుడూ కొంత మిగిలే ఉంటాయి, ఎంత దులిపినా పూర్తిగా పోవు. ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే పోగులు చిట్లుతాయి. బయటికి ఏ గుర్తూ ఉండదు, ధార కూడా మామూలుగానే వస్తుంది, సూక్ష్మజీవులు మాత్రం దాటుకుని వచ్చేస్తాయి. అందుకే చలి రాత్రుల్లో జిప్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లోకి తీసుకుని పడుకోండి. పగలు కూడా చలి అలాగే ఉంటే జాకెట్ లోపలి జేబులో ఉండాలి. గడ్డకట్టిందేమోనన్న అనుమానం వచ్చినా పారేయండి. ఇందులో బేరాల్లేవు.

అందుకే రాత్రిళ్లు సున్నా కిందికి పడే దారికి నా ఓటు బిళ్లలకే. ఒక చిక్కుంది. క్రిప్టోస్పోరిడియం చావడానికి నాలుగు గంటలు ఆగాలి, కాబట్టి మర్నాటి నీళ్లు ముందురోజు సాయంత్రమే కలుపుకోవాలి. మిగతా దారులన్నిటికీ ఈ ఫిల్టర్ తీసుకోండి, తోడుగా పది బిళ్లలు. మురికినీళ్ల పౌచ్ మీద మాత్రం మార్కర్‌తో పెద్ద గుర్తు పెట్టుకోండి. అలసిపోయిన సాయంత్రం మురికినీళ్లదీ మంచినీళ్లదీ ఒకేలా కనిపిస్తాయి.