ల్యాండ్ ట్రస్ట్‌లో పెడితే కేసు పడదా? ఎవరు చెప్పారండీ!

"ఇల్లు ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టేయండి, ఇక మీ మీద ఎవడూ కేసు వేయలేడు." అమెరికాలో అద్దె ఇళ్లు కొన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు తిరుగుతున్న మాట ఇదే కదా! పచ్చి అబద్ధం అండీ. ల్యాండ్ ట్రస్ట్ మీ పేరు దాస్తుంది. ఆస్తిని కాపాడదు. మళ్లీ చెప్తున్నా, పేరు దాస్తుంది, అంతే!

19వ శతాబ్దం చివర్లో చికాగోలో మొదలైన పద్ధతి ఇది. కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల్లో మీ పేరు బదులు ట్రస్టీ, అంటే మీ తరఫున ఆస్తిని తన పేరున పెట్టుకునేవాడి పేరుంటుంది. కానీ అద్దె మీకే, రిపేర్లు మీవే, అమ్మాలన్నా మీ మాటే. బావమరిది పేరున స్థలం రాయించి, పెత్తనం మనం చేసినట్టు! అక్కడ ఇది చట్టబద్ధం. ఇక్కడ బినామీ అని రుజువైతే, 2016 సవరణ తర్వాత 7 ఏళ్ల దాకా జైలు. సర్లెండి, దాని మీద ఇంకో వీడియో చేస్తా.

ఇప్పుడు మీ ఇంటి మెట్టు విరిగి టెనెంట్ కాలు విరిగిందనుకోండి. వాళ్ల లాయర్ ట్రస్టీకి సబ్‌పీనా, అంటే వివరాలు ఇచ్చి తీరాలనే నోటీసు పంపిస్తాడు. మీచేత ప్రమాణం చేయించి, "ఈ ఇంటి బెనిఫిషియరీ, అంటే లాభం అందుకునే అసలు మనిషి ఎవరు?" అని అడుగుతాడు. అబద్ధం చెప్తే అదో నేరం. నిజం చెప్తే అయిపోయింది గుట్టు! కేసు ఓడిపోయారా, ట్రస్ట్‌లో మీకున్న హక్కు కూడా మీ ఆస్తే. బ్యాంకు ఖాతా మీదకి వచ్చినట్టే దాని మీదకీ వస్తారు. పోనీ, కాలు విరిగాక గబగబా ట్రస్ట్‌లోకి మారుద్దామా? డబ్బు రావాల్సినవాళ్లకి ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని కోర్టు కొట్టేయొచ్చు. అక్కడే కాదు, ఈ మాట మన ఇండియా ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్‌లో 1882 నుంచే ఉంది మహాప్రభో!

హోటల్ హాళ్లలో సెమినార్లు పెట్టి ఈ ట్రస్ట్ ఫారాలు అమ్మేవాళ్లు ఇక్కడో తెలివైన పని చేస్తారు. 1982 నాటి గార్న్-సెయింట్ జర్మెయిన్ అనే అమెరికా చట్టాన్ని మధ్యలోకి తెస్తారు. ఇల్లు ట్రస్ట్‌లో పెట్టినంత మాత్రాన బ్యాంకు లోనంతా ఒకేసారి కట్టమనకూడదు అంటుంది అది, అదీ కొన్ని షరతుల మీద. బాగానే ఉంది. కాలు విరిగిన టెనెంట్‌కి దాంతో ఏం పని?

"పేరు కనపడకపోతే లాయర్ కేసే తీసుకోడు" అని కామెంట్లు పెడుతున్నారు. అయ్యా, ఆ లాయర్ ముందు వెతికేది మీ పేరు కాదు, మీ ఇన్సూరెన్స్! ఫెడరల్ కోర్టులో అయితే ఆ పాలసీ వివరాలు అడగకుండానే ఇవ్వాలి.

నా థియరీ వినండి. మనవాళ్లకి ఆస్తి కంటే ఆస్తి గుట్టు ముద్దు. ఆ బలహీనత పట్టుకునే ఈ ఫారాలు అమ్ముతున్నారు. అంబ్రెల్లా పాలసీ (మామూలు ఇన్సూరెన్స్ పైన అదనపు ఇన్సూరెన్స్) తీసుకోండి అంటే ఎవరైనా హోటల్ హాలుకి వస్తారా? రారు! ఇంకో గమ్మత్తు, వాళ్ల ప్యాకేజీలో చిన్న అక్షరాల్లో బెనిఫిషియరీగా ఎల్ఎల్‌సీని (అప్పులు ఓనర్ సొంత ఆస్తి మీదకి రాకుండా పెట్టుకునే కంపెనీ) పెట్టుకోమని ఉంటుంది. అంటే అడ్డం నిలబడేది ఎల్ఎల్‌సీ, క్రెడిట్ కొట్టేసేది ట్రస్ట్! మెట్టు బాగుచేయించకపోవడం మీ సొంత నిర్లక్ష్యమైతే ఎల్ఎల్‌సీ ఉన్నా మీరు తప్పించుకోలేరు.

సెమినార్ల వాళ్లెవరైనా చూస్తుంటే రండి, ఇదే కుర్చీలో కూర్చోండి. ఎల్ఎల్‌సీ, ఇన్సూరెన్స్ రెండూ లేకుండా, వట్టి ల్యాండ్ ట్రస్ట్‌తో ఓనర్ బయటపడ్డ తీర్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పట్టుకుని రండి.