ఆవాలు చిటపటలాడితే వణికిపోయే చిట్టి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో చిట్టి అనే కుక్క ఉంది. వీధిలో పుట్టి, మా గేటు దగ్గరే పెరిగింది. మూడేళ్ళ కిందట దీపావళి రాత్రి అది వరండాలో మంచం కింద పడుకుని ఉండగా, ఎవరో విసిరిన లక్ష్మీ బాంబు దాని పక్కనే పేలింది. ఒంటి మీద గాయమేమీ లేదు. గంటసేపు వణికి, పాలు తాగి పడుకుంది. గండం గడిచిందనుకున్నాం.

వారం తర్వాత అమ్మ చారుకు పోపు పెడుతోంది. ఆవాలు చిటపటమన్నాయో లేదో, చిట్టి ఒక్క ఉదుటున లేచి బాత్రూంలో బకెట్ వెనక దూరింది. చెవులు వెనక్కి వాల్చి, తోక పొట్ట కిందికి లాక్కుని రొప్పుతోంది. కోడి ముక్క చూపించినా ఇటు తిరిగి చూడలేదు. మొండికేస్తోందనుకుని గట్టిగా అరిచాను, మెడ పట్టీ పట్టుకుని బయటికి లాగాను. అది నేలకు కరుచుకుపోయి, అక్కడే మూత్రం పోసేసింది. ఆ రోజు నేను చేసింది తప్పు. ఇవాళ మీతో మాట్లాడాలనుకోవడానికి కారణం అదే.

యుద్ధం చూసిన సైనికులకు, పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవారికి పీటీఎస్‌డీ, అంటే పెద్ద భయం తర్వాత మనసును వదలని జబ్బు, వస్తుందని మనం వింటుంటాం. దెబ్బ తగిలిన రోజు ఎప్పుడో పోయినా, ఒళ్ళు మాత్రం ఆ రోజులోనే ఉండిపోతుంది. అలాంటిది కుక్కలకూ వస్తుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ల్యాక్‌లాండ్ వైమానిక స్థావరంలో సైనిక కుక్కల ఆసుపత్రి ఉంది. యుద్ధభూమిలో పనిచేస్తున్న సుమారు 650 కుక్కల్లో నూటికి ఐదింటికి పైగా ఈ బాధ కనిపిస్తోందని 2011లో అక్కడి పశువైద్యులు చెప్పారు. కొన్ని కుక్కలు అంతకుముందు హాయిగా తిరిగిన చోటికి కూడా వెళ్ళమంటే వెళ్ళవు. కొన్ని తమను చూసుకునే సైనికుడి మీదే తిరగబడతాయి. మరికొన్ని అతన్ని ఒక్క క్షణం వదలవు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఇంకా పాత సంగతి. 1924 సెప్టెంబర్ 23న రష్యాలో నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్, మునిగింది. గంట మోగితే కుక్కకు నోరూరుతుందని మనం బడిలో చదువుకున్నామే, ఆ ప్రయోగం చేసిన శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాల ఆ ఊళ్ళోనే ఉండేది. బోనుల్లోకి నీళ్ళు వచ్చేశాయి. సిబ్బంది కుక్కల్ని ఈదించుకుంటూ బయటికి తెచ్చారు. ప్రాణాలు దక్కాయి. కానీ ఆ తర్వాత కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవన్నీ పోగొట్టుకున్నాయి. ఒక కుక్కకైతే, రోజూ పరీక్షలు చేసే మనిషి వచ్చి గదిలో పక్కన కూర్చుంటేనే పాత స్పందనలు తిరిగి వచ్చేవి. అది మెల్లగా కోలుకున్నాక, తలుపు కింద నుంచి గదిలోకి కాసిని నీళ్ళు వదిలి చూశారు. అంతే, మళ్ళీ మొదటికొచ్చింది. దానికి అవి కాసిని నీళ్ళు కావు, ఆ రోజు వచ్చిన వరదే.

మా చిట్టికి ఆవాలు కూడా అంతే.

చిట్టిని చూసిన పశువుల డాక్టరు ముందుగా ఒంట్లో నొప్పి ఏమైనా ఉందేమోనని చూశారు. నొప్పి వల్ల కూడా కుక్కలు ఇలా బెదురుతాయి. తర్వాత ఒక పద్ధతి చెప్పారు. పోపు చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, వినీ వినపడనంత సన్నగా పెట్టాలి. అది వినిపిస్తుండగా ఉడికించిన కోడి ముక్క ఇవ్వాలి. తింటే, కొన్నాళ్ళకు చప్పుడు ఇంకాస్త పెంచాలి. తినడం మానేసిందంటే మనం తొందరపడ్డట్టు, వెనక్కి తగ్గాలి. భయం మరీ ముదిరితే మందులూ ఉన్నాయి, కానీ అవి పశువైద్యులే ఇవ్వాలి. మన మాత్రలు విరిచి పెట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది.

భయపడుతున్న కుక్కను దగ్గరికి తీస్తే ఇంకా పిరికిదవుతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వండి. దాక్కుంటే దాక్కోనివ్వండి. లాగకండి, కొట్టకండి.

మాకు నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు ఆవాలు చిటపటలాడితే చిట్టి ఒక చెవి మాత్రం ఎత్తి, నా వైపు చూస్తుంది. బాంబుల చప్పుడు ఇంకా తట్టుకోలేదు. పోయిన దీపావళికి బాత్రూంలో బకెట్ తీసేసి, పాత దుప్పటి పరిచాను. తలుపు దగ్గరగా వేసి, రాత్రి పదకొండు దాకా పక్కనే కూర్చున్నాను. వణుకుతూనే వచ్చి, తల నా మోకాలి మీద పెట్టుకుంది.

సెలవు.