నిలబడ్డవాళ్లనూ లెక్కపెట్టండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, క్షమించాలి.

ఈరోజు అక్టోబరు 10, ప్రపంచ నిరాశ్రయుల దినం. ఇల్లు లేనివాళ్ల కోసం ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక్క సంగతి.

కొన్నేళ్ల కిందట, రోడ్ల మీద పడుకునేవాళ్లను లెక్కించే బృందంతో ఒక రాత్రి నేనూ తిరిగాను. బస్టాండు దగ్గర ఒకావిడ సంచి భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. "పడుకోలేదేమమ్మా?" అన్నాను. "పడుకుంటే ఏమవుతుందో మీకు తెలీదా?" అంది. తెల్లారేదాకా నడిచి, పగలు ఎక్కడో కునుకు తీస్తుందట. ఈవిణ్ణి రాసుకోండి అన్నాను. అధికారి తల అడ్డంగా ఊపాడు. "పడుకున్నవాళ్లే లెక్కలోకి వస్తారండీ!"

నిలబడ్డ మనిషికి ఇల్లున్నట్టా? మీరే చెప్పండి. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన్ననీ లాభం లేదు, రూలే అలాంటిది. ఇంగ్లండ్‌లోనూ ఏటా ఒక రాత్రి బయట పడుకున్నవాళ్లను, పడుకోబోతున్నవాళ్లను లెక్కిస్తారు, లేదా అంచనా వేస్తారు. 2019లో 4,266 మంది అని తేల్చారు. 2020 మార్చిలో కరోనా భయంతో, అందర్నీ లోపలికి తీసుకోండని ప్రభుత్వం స్థానిక సంస్థలకు చెప్పింది. ఖాళీ పడ్డ హోటళ్లు తెరిచారు. 2021 జనవరి నాటికి ఆ సాయం అందినవాళ్లు 37 వేల పైమాటే! ఒక రాత్రి లెక్కనూ నెలల లెక్కనూ పక్కపక్కన పెట్టకూడదంటారు, నిజమే. అయినా ఇంతమంది అంతకుముందు ఎవరి కంటికి ఆనారు?

సరే, పథకాలు. ఫిన్లాండ్ 2008 నుంచి ముందు ఇల్లు ఇస్తోంది. తాగుడు మానాలి, పని వెతుక్కోవాలి అన్న షరతుల్లేవు. అద్దె ఒప్పందం ఆ మనిషి పేరు మీదే. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అంటామే, ఆ చిక్కును వాళ్లు ఇంటి వైపు నుంచి విప్పారు. 1980ల చివర్లో 18 వేలు దాటిన నిరాశ్రయులు 2023కి 3,429కి తగ్గారు. 2024లో మళ్లీ పెరిగారు, అదీ చెప్పాలి. పైగా బంధువుల ఇళ్లలో, స్నేహితుల ఇళ్లలో తలదాచుకున్నవాళ్లను కూడా కలుపుకున్న లెక్క ఇది.

టైమైందని చీటీ వచ్చింది. ముందు వరసలో అధికారులున్నారు కదా, ఒక్కటే అడుగుతున్నా. వచ్చేసారి ఫారంలో 'రాత్రంతా తిరిగేవారు' అని ఒక గడి పెట్టండి. అన్నం పెట్టేచోట, ఆసుపత్రి వరండాల్లో పగలు కూడా అడగండి. సభ అయ్యాక నేను గుమ్మం దగ్గరే ఉంటాను, ఆ గడి ఎవరు పెట్టిస్తారో చెప్పి వెళ్లండి.