కెమెరా దాటాక ఏం జరుగుతోంది?

అందరికీ నమస్కారం.

స్తంభం మీద స్పీడ్ కెమెరా కనబడగానే కాలు బ్రేక్ మీదికి వెళ్తుంది. కాస్త దాటగానే మళ్ళీ యాక్సిలరేటర్ మీదికి. నేనూ చాలాకాలం అలాగే నడిపాను. రోడ్డు భద్రత నిపుణులు దీన్ని 'కంగారూ ఎఫెక్ట్' అంటారు, అంటే కంగారూ జంతువులా గెంతుతూ పోవడం.

చలాన్ చేతికొచ్చాక మనమనే మాటలూ తెలిసినవే. "అందరూ అదే స్పీడులో పోతుంటే నాకే ఎందుకొచ్చింది?" "ఇదంతా డబ్బులు లాగడానికే." ఈ కోపాన్ని నేను కొట్టిపారేయను. చలాన్ చాలాసార్లు రోజులు, వారాలు గడిచాక వస్తుంది. అదీ బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ఆ రోజు నడిపింది కొడుకో, స్నేహితుడో కావచ్చు. అప్పటికి ఆ క్షణం ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండేది కెమెరా ఎక్కడుందన్నదొక్కటే.

అలాగని కెమెరాలు దండగ అనలేం. ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2010 సమీక్షలో 35 అధ్యయనాలను పరిశీలించింది. కెమెరాలున్న చోట్ల ప్రాణాలు తీసే, తీవ్రంగా గాయపరిచే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గినట్టు అందులో తేలింది.

"పది కిలోమీటర్లు ఎక్కువైతే ఏమైంది?" అనేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. ఒకేరకం కార్లు రెండు. ఒకటి 50లో, ఇంకోటి 60లో వెళ్తున్నాయి. రెండూ ఒకే చోట, ఒకేలా బ్రేక్ వేశాయి. మొదటిది పూర్తిగా ఆగిన చోటికి వచ్చేసరికి రెండోది ఇంకా గంటకు 33 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అక్కడ ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడనుకోండి.

ఈ కెమెరాలకు బాట వేసిన మౌస్ గాట్సోనిడెస్ ఒక డచ్ రేసు డ్రైవరు, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన వేగమెంతో కొలుచుకుని ఇంకా మెరుగుపడాలని ఆయన ఆ పరికరం తయారుచేసుకున్నాడు. చలాన్‌లో లోపించింది నాకక్కడే కనిపిస్తుంది: తన వేగం తనకు అప్పటికప్పుడే తెలియడం. రోడ్డు పక్కన మన స్పీడు చూపించే బోర్డులు ఆ పని చేస్తాయి. అవి ఇంకా చాలా రావాలి.

ఇక కంగారూ గెంతులకు విరుగుడు సగటు వేగం కెమెరాలు, అంటే రెండు చోట్ల మధ్య బండికి పట్టిన సమయాన్ని బట్టి వేగం లెక్కకట్టేవి. 60 పరిమితి ఉన్న దారిలో పది కిలోమీటర్ల దూరాన రెండు కెమెరాలుంటే, ఆ మధ్య దూరానికి కనీసం పది నిమిషాలు పట్టాలి. ఎనిమిది నిమిషాల్లో వచ్చారంటే సగటున 75లో వచ్చినట్టే. చివర్లో ఎంత గట్టిగా బ్రేక్ తొక్కినా ఆ లెక్క మారదు.