గుంపు ఒకటే, ఏ పిట్ట తీరు ఆ పిట్టదే

హోస్ట్: నమస్తే అండీ. ఈ ఎపిసోడ్ అంతా పిట్టల తిండి గురించే. అక్కా, నేరుగా అడిగేస్తున్నా. కోతలయ్యాక పొలంలో మునియాల గుంపు వాలుతుంది కదా, గోధుమరంగు వీపు, పొట్ట మీద పొలుసుల్లాంటి మచ్చలు. అన్నీ ఒకేలా గెంతుతూ ఒకేలా తింటున్నట్టు ఉంటాయి. నిజంగా అన్నీ చేసేది ఒకటే పనా?

అతిథి: కాదు. వాటి తలలు చూడు, తెలిసిపోతుంది. కొన్ని తల నేలకు దించి గెంతుతాయి, అవి గింజలు వెతుకుతున్నాయి. కొన్ని తల ఎత్తి గెంతుతాయి. వాటి ధ్యాస నేల మీద కాదు, పక్క పిట్టల మీద. ఎవరికి గింజ దొరికిందా అని చూస్తుంటాయి. కెనడాలో లుక్-అలైన్ జిరాల్డో అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఈ మునియాలనే పెట్టుకుని చాలా పరిశోధనలు చేశారు. మన వరిచేలల్లో తిరిగే పిట్టే! 2001లో వచ్చిన పేపర్లో ఈ తల సంగతి తేల్చారు. తల దించి గెంతేవి ఎక్కువగా సొంతంగా గింజలు కనిపెట్టాయి, తల ఎత్తి గెంతేవి ఇంకోటి కనిపెట్టిన చోటికి వెళ్లి చేరాయి.

హోస్ట్: అంటే ఒకరి కష్టం మీద ఇంకొకరు బతకడమేగా?

అతిథి: చాలామంది అలాగే అంటారు, నాకు మాత్రం ఆ మాట నచ్చదు. 1981లో బర్నార్డ్, సిబ్లీ అనే ఇద్దరు ఊరపిచ్చుకల్ని గమనించి ఈ రెండు పద్ధతులకీ ప్రొడ్యూసర్, స్క్రౌంజర్ అని పేర్లు పెట్టారు. మనం వెతికేవి, ఇంకోటి కనిపెట్టిన తిండి మీద వాలేవి అనుకుందాం. వాలే పిట్ట బద్ధకంగా ఏమీ లేదు. ఒక్క క్షణం ఆలస్యమైతే దానికి మిగిలేది గింజల పొట్టు మాత్రమే. పైగా అన్నీ వాలేవే అయితే ఏమవుతుంది? అందరూ విస్తరి ముందు కూర్చుంటే వడ్డించేదెవరు? వాలేవి పెరిగేకొద్దీ ఒక్కోదానికి దొరికేది తగ్గిపోతుంది. అప్పుడు వెతకడమే లాభం. అందుకే గుంపులో రెండు రకాలూ మిగులుతాయి.

హోస్ట్: ఇది లెక్కల్లో బాగానే ఉంది. పిట్టలు నిజంగా అలా సర్దుకుంటాయా?

అతిథి: సర్దుకుంటాయి. 2000లో మోట్లీ, జిరాల్డో కలిసి పంజరాన్ని రెండు భాగాలు చేశారు. ఒక వైపు దారం లాగితే గింజలు పడతాయి. రెండో వైపు దారం లేదు, కానీ పడ్డ గింజల్ని అందుకోవచ్చు. పిట్టలు తమకి నచ్చిన వైపు వెళ్లొచ్చు. కొన్నాళ్లకి ఏ వైపు ఎన్ని ఉండాలని లెక్క చెప్పిందో, దాదాపు అన్నే ఉన్నాయి. వాలడం కష్టమయ్యేలా ఏర్పాటు మారిస్తే వాలేవి తగ్గాయి.

హోస్ట్: అయితే ప్రతి పిట్టా రెండూ చేయగలదు. మరి ఒక్కో పిట్ట స్వభావం అంటూ ఏముంది?

అతిథి: నాకు అసలు ఆసక్తి అక్కడే. చేయగలగడం వేరు, మొగ్గు వేరు. బార్నకల్ గూస్ అని ఒక పెద్దబాతు ఉంది, ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టి చలికాలం యూరప్‌కి వస్తుంది. కుర్వర్స్ అనే శాస్త్రవేత్త బృందం వాటి ముందు కొత్త వస్తువు పెట్టి, ఏది దగ్గరికి వెళ్తుంది, ఏది జంకుతుంది అని ముందే చూసుకుంది. తర్వాత తిండి దగ్గర గమనిస్తే, జంకే బాతులే ఎక్కువగా ఇతరుల దగ్గరికి వెళ్లి తిన్నాయి. 2010లో వచ్చిన పేపర్ అది.

హోస్ట్: అంటే పిరికివి వాలతాయి, ధైర్యం ఉన్నవి వెతుకుతాయి. ఇంతేనా?

అతిథి: అంత తేలిగ్గా తేలితే ఇంకేం! ఆక్స్‌ఫర్డ్ పక్కన వైథమ్ అడవి ఉంది. అక్కడ 1947 నుంచి గ్రేట్ టిట్ పిట్టల్ని వదలకుండా గమనిస్తున్నారు. మన తూర్పు కనుమల్లో కనిపించే బూడిదరంగు టిట్‌కి దగ్గరి చుట్టం. వాటి కాళ్లకి చిన్న ట్యాగ్‌లు వేస్తారు, పిట్ట దగ్గరికి రాగానే ఏ పిట్టో మెషీన్ రాసుకుంటుంది. లూసీ ఆప్లిన్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు అక్కడ ఒక పెట్టె పెట్టారు. తలుపు పక్కకి జరిపితే లోపల పురుగు. కొన్ని పిట్టలు తామే తలుపు తీస్తాయి. కొన్ని, ఇంకోటి తీసి వెళ్లగానే, తలుపు మూసుకునేలోపే వచ్చి పురుగు పట్టుకుపోతాయి. అయిదు చోట్ల చూశారు, అన్నిచోట్లా ఇదే విభజన. వారాలు గడిచినా చాలా పిట్టలు తమ పద్ధతి వదల్లేదు.

హోస్ట్: మరి వాటి ధైర్యం?

అతిథి: దానికీ దీనికీ సంబంధం కనిపించలేదు! ఈ పిట్టల్ని ముందే, అయిదు కృత్రిమ చెట్లున్న కొత్త గదిలో వదిలి, ఎంత చురుగ్గా తిరుగుతాయో కొలిచే పద్ధతి ఉంది. ఆ చురుకుదనాన్ని బట్టి వాలుతుందా, వెతుకుతుందా అని చెప్పలేకపోయారు. పెట్టె దగ్గరికి ఆలస్యంగా వచ్చినవి, నెమ్మదిగా నేర్చుకున్నవి ఎక్కువగా వాలేవి అయ్యాయి. ఇంకో సంగతి, వాలేవాటికి గుంపులో పరిచయాలు ఎక్కువ. నాలుగు పిట్టల మధ్య తిరిగేదానికే కదా ఎవరికి ఏం దొరికిందో తెలిసేది. అందుకే బాతుల్లో దొరికిన జవాబుని టిట్‌లకి అంటగట్టకూడదు. సగటు తీసి ‘ఈ జాతి పిట్ట ఇలా తింటుంది’ అని రాసేస్తే ఇదంతా కనబడకుండా పోతుంది.

హోస్ట్: వినేవాళ్లు ఇంటి దగ్గర ఏమైనా చూడొచ్చా?

అతిథి: చూడొచ్చు. డాబా మీద నూకలు ఒకరోజు ఒకేచోట కుప్పగా పోయండి, ఒకరోజు పలచగా చల్లండి. కుప్పగా ఉంటే మొదట కనిపెట్టిన పిట్ట నాలుగు గింజలు తినేలోపే మిగతావి వచ్చేస్తాయి. దానికి ప్రత్యేకంగా మిగిలేది తక్కువ, వాలేవాటికే లాభం. పలచగా ఉంటే దొరికిన గింజ అక్కడికక్కడే అయిపోతుంది, వాలి లాభం లేదు. పిచ్చుకలైనా, పావురాలైనా ఎన్ని తల దించాయి, ఎన్ని తల ఎత్తి పక్కకి చూస్తున్నాయి, రెండు రోజులూ లెక్క రాసుకోండి. ఎండ ముదరకముందే వేయండి, తర్వాత అవి నీడకి పోతాయి.

హోస్ట్: రేపే వేస్తా అక్కా. లెక్క నీకు పంపిస్తా.

అతిథి: ఒక్కరోజుది కాదు, వారం రోజులది పంపు.